పొదుపు పెట్టె నుంచి తొలి లింకేజీ అప్పు దాకా

రోజువారీ ఫైనాన్సులో పదివేల అప్పంటే చేతికొచ్చేది 9,000. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పోయింది వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి ఆ వెయ్యి ఏడాది లెక్కన నూటికి దాదాపు 77 రూపాయల వడ్డీ అవుతుంది. మన భాషలో ఆరున్నర రూపాయల వడ్డీ. మార్కెట్లో తెల్లవారుజామున 900 ఇచ్చి సాయంత్రానికి 1,000 తీసుకునేవాళ్ల లెక్క ఇంకా ఘోరం. అయినా పూలమ్మే ఆమె, ఇడ్లీబండి ఆమె వాళ్ల దగ్గరికే వెళ్తారు. ఫైనాన్సువాడు దుకాణం దగ్గరికే వస్తాడు, కాగితాలు అడగడు, కొంచెం కొంచెంగా వసూలు చేసుకుంటాడు. బ్యాంకులో ఈ మూడూ లేవు. ఆ మూడింటినీ బ్యాంకు వడ్డీకే అందించగలిగితే పొదుపు సంఘం నిలబడుతుంది. అందించలేకపోతే అది ఇంకో అప్పుల గుంపు అవుతుంది.

అహ్మదాబాద్‌లో 1974లో నాలుగు వేల మంది శ్రామిక మహిళలు తలా పది రూపాయల వాటాతో ‘సేవా’ (SEWA) అనే సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నది ఈ ఇబ్బంది వల్లే. సంతకం రాని ఖాతాదారుల కోసం అక్కడ ఫొటోను ఆధారంగా తీసుకున్నారు. మన దగ్గర దారి వేరు. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి పొదుపు ఊరూరా పాకింది. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపి అప్పులిప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. లింకేజీ అంటే ఇదే. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ పని ప్రభుత్వ పేదరిక నిర్మూలన సంస్థలైన సెర్ప్ ద్వారా గ్రామాల్లో, మెప్మా ద్వారా పట్టణాల్లో నడుస్తోంది. కాబట్టి కొత్తగా సంస్థను కట్టాల్సిన పని లేదు. ఉన్న దారిలో తప్పటడుగులు వేయకుండా నడవాలి.

సంఘం కూర్పు

పది నుంచి ఇరవై మంది ఉండొచ్చు. పన్నెండు మంది అయితే నడపడం తేలిక. ఎనిమిది మంది వచ్చినా సమావేశం జరుగుతుంది, పొదుపు మొత్తం మరీ చిన్నగా ఉండదు. ఒకే వీధివాళ్లు, దాదాపు ఒకే స్థాయి సంపాదన ఉన్నవాళ్లు అయి ఉండాలి. ఒకే ఇంటి నుంచి అత్తాకోడళ్లిద్దరినీ తీసుకోవద్దు. ఇంట్లో గొడవైతే రెండు కిస్తీలు ఒకేసారి ఆగిపోతాయి. వీధిలో వడ్డీకి తిప్పేవాళ్ల ఇంటి మనిషినీ తీసుకోవద్దు. ఎందుకో కింద తెలుస్తుంది.

పొదుపు మొత్తాన్ని సంఘంలో అందరికన్నా తక్కువ సంపాదించే ఆమె వానాకాలంలో కట్టగలిగినంతగా పెట్టండి. వారానికి 50 రూపాయలనుకుందాం. పన్నెండు మందికి వారానికి 600, నెలకు నాలుగు వారాల లెక్కన 2,400. ఎక్కువ కట్టగలిగినవాళ్లను ఎక్కువ కట్టనివ్వకండి. పొదుపులో తేడా వస్తే మాటలో తేడా వస్తుంది, ఆ వెనకే అప్పు పంపకంలోనూ తేడా వస్తుంది.

సమావేశం నెలకోసారి పెట్టుకుంటే ఆరు నెలల్లో ఆరుసార్లే డబ్బు చేతులు మారుతుంది. వారానికోసారైతే ఇరవై నాలుగు సార్లు. అప్పు ఇవ్వడం, వసూలు చేయడం చేసి చేసి నేర్చుకునే పనులు కాబట్టి వారానికోసారే మేలు. సంత రోజు వద్దు. టిఫిన్లు అమ్మే ఆమె తెల్లవారుజామున నాలుగింటికే లేస్తుంది కాబట్టి రాత్రి తొమ్మిదికి కూర్చోమనడం కూడా వద్దు.

పుస్తకమే పూచీ

బ్యాంకు మేనేజరు చూసేది పుస్తకాలు. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు–అప్పుల లెడ్జరు, ప్రతి సభ్యురాలికీ చిన్న పాసుపుస్తకం ఉంటే తొలి ఏడాదికి చాలు. రాసేది అక్కడే, సమావేశంలోనే, అందరి ముందే రాయాలి. ఇంటికి తీసుకెళ్లి నెలాఖరున ఒకే కూర్చోవడంలో రాసిన పుస్తకాన్ని అనుభవమున్న అధికారి చూడగానే పట్టేస్తాడు. ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ఒక్క కొట్టివేతా ఉండదు. నిజమైన పుస్తకంలో కొట్టివేతలు ఉంటాయి, వాటి పక్కన ఇద్దరి సంతకాలు ఉంటాయి.

రాసే మనిషి, డబ్బు పెట్టె ఉంచుకునే మనిషి, తాళంచెవి ఉంచుకునే మనిషి ముగ్గురూ వేరువేరుగా ఉండాలి. లీడర్లలో ఎవరికీ రాయడం రాకపోయినా ఫరవాలేదు. లీడరే రాసే సంఘాల్లోనే లెక్కలు ఎక్కువగా తేడా వస్తాయి. డబ్బును మధ్యలో చాపమీద పోసి పైకి లెక్కపెట్టండి. చదువురాని సభ్యురాలికి ఆ లెక్కింపే పాసుపుస్తకం.

పొదుపు పెట్టెలో మురగబెట్టకండి. మొదటి నెల చివర 2,400 చేరగానే అందులోంచి ఇద్దరికి చెరో వెయ్యి ఇవ్వండి. రూపాయి వడ్డీ పెట్టుకుంటే, అంటే ఏడాదికి 12 శాతం, వెయ్యి రూపాయలను నెలకు 200 చొప్పున ఐదు కిస్తీల్లో తీర్చే ఆమె కట్టే వడ్డీ మొదటి నెల 10, తర్వాత 8, 6, 4, 2. మొత్తం 30. అదే వెయ్యిమీద ఐదు నెలలూ పది చొప్పున వేస్తే 50 అవుతుంది. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. ఈ రెండు లెక్కలనూ సంఘంలో రాళ్లు పెట్టి చూపించండి. ‘12 శాతం ఫ్లాట్’ అంటూ ఇంటికొచ్చే ఏజెంటు ఏడాది అప్పు మీద నిజంగా వసూలు చేసేది 21 శాతానికి పైనే అన్న సంగతి ఒక్కసారి అర్థమైతే మరిచిపోరు. సంఘం చెప్పగలిగిన ఆర్థిక పాఠాల్లో దీన్ని మించింది లేదు.

ఖాతా, తొలి దరఖాస్తు

సంఘం పేర పొదుపు ఖాతా తెరవడానికి తీర్మానం, లీడర్ల ఆధార్ కాగితాలు, ఫొటోలు, సంఘం ముద్ర కావాలి. పొదుపు ఖాతాకు సభ్యులందరి కేవైసీ (గుర్తింపు కాగితాల పరిశీలన) అక్కర్లేదు, లీడర్లది చాలని రిజర్వు బ్యాంకు నిబంధనే చెబుతోంది. అందరి కాగితాలూ అవసరమయ్యేది అప్పు దగ్గర. అప్పటికి సిద్ధంగా ఉండేలా ఇప్పుడే ఆధార్‌లో పేర్లు చూసుకోండి. చాలామంది ఆడవాళ్లకు పాసుపుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. సంతకం పెట్టే రోజు ఇది బయటపడితే పదకొండు మంది పని ఒకరి వల్ల ఆగుతుంది.

అప్పుకు అర్హత రావాలంటే సంఘం కనీసం ఆరు నెలలు చురుగ్గా నడిచి ఉండాలి. ఆ ఆరు నెలలను లెక్కించేది పుస్తకాల ప్రకారమే. ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదు. కొన్ని శాఖల్లో ఈ తేడా చూడక మళ్లీ ఆరు నెలలు ఆగమంటారు. అప్పుడు తీర్మానాల పుస్తకం మొదటి పేజీ చూపించాలి. అప్పిచ్చే ముందు బ్యాంకు సంఘానికి మార్కులు వేసే గ్రేడింగులో హాజరు, పొదుపు క్రమం, అంతర్గత అప్పుల వసూలు, పుస్తకాల తీరు చూస్తారు. సభ్యులను పిలిచి సంఘం నియమాలూ అడుగుతారు. లీడరు ఒక్కతే జవాబు చెబితే మార్కులు పోతాయి.

మొత్తం ఎంత వస్తుంది? తొలి విడతలో సంఘ నిధికి ఆరు రెట్లు లేదా 1,50,000, ఏది ఎక్కువైతే అది. మన ఉదాహరణలో ఆరు నెలల పొదుపు 14,400, వడ్డీ ఓ నాలుగు వందలు కలిపి 14,800. ఆరు రెట్లు 88,800 మాత్రమే, కాబట్టి లక్షన్నర అడగొచ్చు. సంఘాలకు పది లక్షల దాకా తాకట్టు అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాలోని డబ్బును ఆపి ఉంచకూడదు, అప్పు ఇవ్వడానికి డిపాజిట్ చేయమని పట్టుబట్టకూడదు. ఎవరైనా అడిగితే ‘ఆ మాట రాసివ్వండి సార్’ అనండి. సాధారణంగా రాసివ్వరు, అడగడం మానేస్తారు.

ఇంకో చిక్కు. ఒక సభ్యురాలి భర్త ఎక్కడో బ్యాంకు అప్పు ఎగ్గొట్టాడని సంఘం మొత్తానికి అప్పు ఆపడం కుదరదు. ఆ సభ్యురాలే కావాలని ఎగ్గొట్టి ఉంటే ఆమెను పక్కనపెట్టి మిగతావాళ్లకు ఇవ్వొచ్చు. పాత బాకీ తీర్చేదాకా ఆమె సంఘం పొదుపులోంచి అప్పు తీసుకోవచ్చు గానీ బ్యాంకు అప్పులో వాటా రాదు.

పంపకం దగ్గరే పాడవుతుంది

లక్షన్నరను పన్నెండుతో భాగించి తలా 12,500 పంచేయడం అన్ని సంఘాలకూ ఉన్న జబ్బు. గొడవ లేకుండా పోతుందని అలా చేస్తారు. పూలమ్మే ఆమెకు అంత అక్కర్లేదు, మిగిలింది ఇంట్లో కరిగిపోతుంది. మేకలు కొనాలనుకునే ఆమెకు అది చాలదు, మళ్లీ మూడు రూపాయల వడ్డీకి పోతుంది. అందుకే దరఖాస్తుకు ముందే ఎవరికి ఎంత, దేనికి, ఎన్ని నెలల్లో తిరిగొస్తుంది అని రుణ ప్రణాళిక రాయాలి. ఒక నమూనా ఇది.

కూరగాయల బండి, కాటా, మూడు రోజుల సరుకుకు 20,000. ఇద్దరు దర్జీలకు మోటారు మిషన్ల కోసం చెరో 18,000. టిఫిన్ బండికి 15,000. పూలకు 5,000. చీరల మూట తిప్పే ఆమెకు 25,000. రెండు మేకలకు 24,000. బడ్డీకొట్టుకు 25,000. ఎనిమిది మందితో లక్షన్నర సరిపోయింది. మిగతా నలుగురికి ఇప్పుడు అవసరం లేదని తీర్మానంలో రాసి, సంఘం సొంత నిధిలో తొలి వరుస వాళ్లకే ఇవ్వాలి. ఈ మాట రాయకపోతే రెండో నెలలోనే ‘మాకేం మిగిలింది’ అన్న గొణుగుడు మొదలవుతుంది.

మూడు లక్షల దాకా మహిళా సంఘాలకు వడ్డీ 7 శాతం. లక్షన్నరను 24 నెలల్లో తీరిస్తే నెల కిస్తీ సుమారు 6,716. మొత్తం వడ్డీ పదకొండు వేల చిల్లర. వెయ్యి రూపాయల అప్పుకు నెలకు దాదాపు 45 అని గుర్తుపెట్టుకుంటే ఎవరి వాటా వాళ్లకు నోటి లెక్కలోనే వస్తుంది. సున్నా వడ్డీ పథకం ఉంది కదా అని వడ్డీ తగ్గించి కట్టకండి. ముందు సంఘం మొత్తం వడ్డీతో సహా సకాలంలో కట్టాలి, ప్రభుత్వం వంతు తర్వాత ఖాతాలో పడుతుంది. ఒక్క కిస్తీ తప్పినా ఆ లాభం చేజారవచ్చు.

బ్యాంకు సంఘం నుంచి నెలనెలా ఒకే మొత్తం తీసుకుంటుంది. కానీ సభ్యుల సంపాదన అలా ఉండదు. పూల సొమ్ము రోజూ తిరుగుతుంది. కొన్న మేక చూలు కట్టి, ఐదు నెలలకు ఈని, పిల్ల అమ్మకానికి ఎదిగేసరికి ఏడాది దాటొచ్చు. అందరికీ 24 నెలల కిస్తీ పెడితే పూలామె దగ్గర డబ్బు నిలవదు, మేకలామె మూడో నెలకే తప్పుతుంది. కాబట్టి సంఘం లోపల గడువులు వేరుగా పెట్టండి. పూలామె ఐదు నెలల్లో తీర్చేస్తే నెలకు 1,018 కడుతుంది. ఆమె వాటా 224 పోగా దాదాపు 790 మిగులు. కూరగాయల బండి ఏడాదిలో తీరిస్తే నెలకు 1,731. వాటా 895 పోగా 835 మిగులు. మేకలామెకు తొలి ఆరు నెలలు వడ్డీ 140 మాత్రమే పెడితే అక్కడ వచ్చే లోటు 930 చిల్లర. రెండు మిగుళ్లు దాన్ని సులువుగా పూడుస్తాయి.

ఇక్కడొక గుంట ఉంది. పూలామె, కూరగాయలామె ముందే తీర్చేసినా బ్యాంకుకు 24వ నెల దాకా 6,716 కట్టాల్సిందే. ముందుగా వచ్చిన మిగులు సంఘానిది కాదు, బ్యాంకుది. దాన్ని లాభమనుకుని పండగ చీరలకో కొత్త అప్పులకో పంచేస్తే రెండో ఏడు కిస్తీ సరిపోదు. ముందస్తుగా అప్పు ఖాతాలోనే జమ చేయండి, లేదా మూడు నాలుగు నెలల్లో తిరిగొచ్చే చిన్న అప్పులుగా మాత్రమే ఇచ్చి వేరే పేజీలో రాయండి.

వసూలు ఎలా? ఫైనాన్సువాడి దగ్గర మంచి పద్ధతి ఒకటుంది, దాన్ని తీసుకోవచ్చు. రోజూ కొంచెం. కూరగాయలామె బండిలో చిన్న హుండీ పెట్టి రోజుకు 65 వేస్తే, మూడు రోజులు బండి తీయకపోయినా నెలకు కిస్తీ వస్తుంది. వారం సమావేశంలో హుండీ తెరిచి జమ రాయాలి. నెలాఖరున ఒకేసారి 1,731 అడిగితే ఇదే మనిషి కట్టలేదు.

చెడిపోయే చోట్లు

బినామీ అప్పు. సభ్యురాలి పేర తీసుకుని లీడరు వాడుకోవడం. గుర్తు ఏమిటంటే ఆమె పాసుపుస్తకం ఎప్పుడూ లీడరు ఇంట్లోనే ఉంటుంది, కిస్తీ ఏ తేదీన కట్టిందో ఆమెకు తెలియదు. అప్పు డబ్బు సంఘం ఖాతా నుంచి నేరుగా సభ్యురాలి సొంత ఖాతాకు పంపితే, మరుసటి సమావేశంలో ‘నాకింత ముట్టింది’ అని ఆమె నోటితో చెప్పిస్తే సగం బినామీలు అక్కడే ఆగుతాయి.

కిస్తీ డబ్బు ఒకరి చేతికిచ్చి బ్యాంకుకు పంపడం. చలానా చూపించినా సరే, నెలకోసారి అప్పు ఖాతా స్టేట్‌మెంటు తెచ్చి బాకీ ఎంతుందో పైకి చదవాలి. దొంగ చలానా నెలల తరబడి నడవగలదు, స్టేట్‌మెంటు ముందు మాత్రం ఒక్కరోజు కూడా నిలవదు.

రొటేషన్. పాత అప్పు పూర్తిగా తీరలేదు, పెద్ద అప్పు మంజూరుకు సిద్ధంగా ఉంది. అప్పుడు వీధిలో వడ్డీకి తిప్పేవాళ్ల దగ్గర నాలుగు రోజులకని తెచ్చి కట్టేసి, కొత్త అప్పు రాగానే ఆ మనిషికి ఇచ్చేస్తారు. ఆ నాలుగు రోజుల వడ్డీ సంఘం ఏడాది లాభాన్ని మింగేస్తుంది. పైగా కొత్త అప్పులో చేతికొచ్చేది తక్కువ, బాకీ ఎక్కువ. వడ్డీ వ్యాపారి ఇంటి మనిషి సంఘంలో ఉంటే ఈ సలహా ఆ నోటినుంచే వస్తుంది. కిస్తీ కట్టలేని పరిస్థితి నిజంగా ఉంటే శాఖకు వెళ్లి గడువు పెంచమని అడగడం మంచిది.

మైక్రో ఫైనాన్సు అప్పులు పక్కనే నడవడం. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఇంట్లో మూడు నాలుగు కంపెనీల వారం కిస్తీలు పేరుకుపోయి, వసూళ్ల వేధింపులు పెరిగి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఏడాది ఆదాయం మూడు లక్షల లోపు ఉన్న ఇంటికి అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఇంటి ఆదాయం 14,000 అయితే 7,000 దాకానే. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రావడం, ఫోన్లు చేయడం కూడదు. రుణ ప్రణాళిక రాసేటప్పుడు ప్రతి ఒక్కరినీ బయటి కిస్తీలు చెప్పమనండి. అందరి ముందు చెప్పరు. విడిగా అడగాలి.

సంఘం దాటి సొంత అప్పు

పట్టణంలో బండి, గంప మీద అమ్మేవాళ్లకు పీఎం స్వనిధి ఉంది. మున్సిపాలిటీ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డో సిఫార్సు లేఖో ఉండాలి. 2025 మార్పుల తర్వాత తొలి విడత 15,000, తీర్చాక 25,000, ఆపైన 50,000. మిషన్, ఫ్రిజ్ లాంటి వాటికి ముద్ర పథకం కింద ‘శిశు’ అనే చిన్న అప్పు 50,000 దాకా దొరుకుతుంది. దుకాణదారు కొటేషను తీసుకెళ్లాలి. ఈ రెండింటికీ దళారులకు ఇవ్వాల్సింది ఏమీ లేదు. క్యూఆర్ కోడ్ డబ్బు కొడుకు ఖాతాలో కాకుండా ఆమె సొంత ఖాతాలో పడేలా చూడండి. ఆరు నెలల ఆ జమలే రేపు ఆమె ఆదాయానికి సాక్ష్యం. ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు కూడా ఆమెదే అయ్యుండాలి, లేకపోతే ఓటీపీ కోసం ప్రతిసారీ ఇంట్లో ఎవరినో బతిమాలాలి.

బీడీలు చుట్టే, అంట్లు తోమే, సిమెంటు పని చేసే చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి. బ్యాంకు తరఫున వేలిముద్రతో డబ్బిచ్చే బ్యాంకు మిత్ర దగ్గర యంత్రం ‘ఫెయిల్’ అంటుంది. అప్పుడు వరసగా ఐదారుసార్లు వేలు పెట్టనివ్వకండి. ఫెయిల్ అన్నా డబ్బు కోత పడి ఉండొచ్చు, లేదా అవతలి మనిషి మోసం చేస్తూ ఉండొచ్చు. ఒకసారి తప్పితే చీటీ అడిగి తీసుకుని, మెసేజ్ చూసుకుని, అప్పుడే రెండోసారి. అప్పటికీ కుదరకపోతే శాఖకే వెళ్లాలి.

రెండేళ్లు ఏ లావాదేవీ లేని ఖాతా నిద్రపోతుంది. లేపడానికి కేవైసీ కాగితాలిస్తే చాలు, రుసుము లేదు. ఇక బీమా. ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా 18 నుంచి 50 ఏళ్లవారికి, 20 రూపాయల సురక్ష ప్రమాద బీమా 18 నుంచి 70 ఏళ్లవారికి. బాకీ ఉన్న సభ్యురాలు చనిపోతే ఆ ఇంటికీ సంఘానికీ ఊపిరి పోసేది ఈ డబ్బే. కోత మే నెలాఖరులో పడుతుంది, ఆ రోజు ఖాతాలో 456 లేకపోతే బీమా ఆగిపోతుంది. మే మూడో వారం సమావేశంలో అందరి ఖాతాల్లో అంత ఉందో లేదో అడగండి, తక్కువైనవాళ్లకు సంఘం నిధిలోంచి అప్పురాసి వేయించండి, జూన్‌లో పాసుపుస్తకాలు తెప్పించి కోత పడిందో లేదో చూడండి.